వంతెన కింద నీళ్లు, చేతిలో కెమెరా

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

నీటి అడుగున ఫొటోలు తీయడం గురించి కర్నూలు, కడప, అనంతపురం వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది వంతెనల గురించే అడిగారు. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: కర్నూలు దగ్గర తుంగభద్ర వంతెన కింద వరద పోయాక నీళ్లు మడుగులుగా నిలుస్తాయి. ఒడ్డు నుంచి దిగి, స్తంభాల చుట్టూ తిరిగే చేపల్ని యాక్షన్ కెమెరాతో తీయాలని ఉంది. ఈత బాగా వచ్చు. గాలి సిలిండర్ లేదు, స్నార్కెల్ (నోట్లో పెట్టుకుని ఊపిరి తీసుకునే గొట్టం) మాత్రమే ఉంది. యాడ మొదలుపెట్టాల? – డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: స్తంభం దగ్గర మోసపోయేది ఎక్కువగా ఈత వచ్చినవాళ్లే. రానివాళ్లు అంత దూరం పోరు. ప్రవాహం స్తంభం ఎగువ మొహాన్ని కొట్టినప్పుడు నీరు నిలువుగా కిందికి దిగి, అడుగున ఇసుకను తోడుకుంటూ రెండు పక్కలకూ సుడి తిరిగి పోతుంది. అట్లా ప్రతి వానాకాలం ఒక గుండం పడుతుంది. 2009 అక్టోబరులో ఊరిని ముంచినంత వరద అక్కర్లేదు, మామూలు ప్రవాహం చాలు. నీళ్లు తగ్గాక ఆ గుండంలో వదులు ఇసుక, ఒండ్రు చేరతాయి. పైనుంచి చూస్తే చుట్టుపక్కల నేలకూ దానికీ తేడా తెలియదు. మోకాలి లోతులో నడుస్తున్నవాడు ఒక్క అడుగు ముందుకేస్తే తల మునుగుతుంది, కాలికి గట్టి నేల తగలదు. ఇసుక తవ్విన గోతులు, పాత కాంక్రీటులోంచి పొడుచుకొచ్చిన చువ్వలు, తెగిన వలలు, గాలపు దారాలు ఎటూ ఉంటాయి. సన్న నైలాన్ దారం నీళ్లలో కంటికి ఆనదు, కాలికి చుట్టుకున్నాకే తెలుస్తుంది.

అందుకని మొదటి పదిసార్లు మీరు దిగొద్దు, కెమెరాను దించండి. 3 మీటర్ల గట్టి వెదురు గడ తీసుకోండి. కింది కొస నుంచి 30 సెంటీమీటర్లు వదిలి, దానిపైన కెమెరాను బిగించండి. కొస అడుగున ఆనినా లెన్సు బురదకు పైనే ఉంటుంది. కెమెరాకు విడిగా 3 మిల్లీమీటర్ల నైలాన్ తాడు కట్టి, రెండో కొసను ఒడ్డున చెట్టుకో రాయికో కట్టండి. చేతి మణికట్టుకు కట్టుకోవద్దు, కెమెరా ఎక్కడైనా ఇరుక్కుంటే మిమ్మల్నీ లాగుతుంది. లెన్సు మొహం ప్రవాహం పోయే వైపుకు తిప్పండి. కొస తగిలి లేచిన బురద కూడా అటే కొట్టుకుపోతుంది కాబట్టి గడ నాటాక రెండు నిమిషాలు కదపకండి. పుట్టి నడిపేవాళ్లు దొరికితే ఇంకా మేలు. లైఫ్ జాకెట్ వేసుకుని పుట్టిలోంచి గడ దించితే ఒడ్డు నుంచి అందని చోట్లు అందుతాయి.

ఫోన్‌లో చూసుకుంటూ తీయొచ్చనుకుంటే కుదరదు. వైఫై సంకేతం నీళ్లలో కొన్ని సెంటీమీటర్లు పోయేసరికే చచ్చిపోతుంది. రికార్డింగు ఆన్ చేసి, దించి, 15–20 నిమిషాలు వదిలేయండి. గడ దిగినప్పుడు చెదిరిన చేపలు కాసేపటికి వాటంతటవే వస్తాయి. ముందు పరిగెల్లాంటి చిన్నచేపలు, వెనక జెల్లలు. గడకు వేరుశనగ చెక్క కట్టాలనుకుంటే నిమ్మకాయంత ముద్దను పల్చటి గుడ్డలో మూటగా కట్టండి. ఉత్త ముద్ద కరిగిందంటే ఫ్రేమంతా పిండి నీళ్లే.

నీళ్ల తేటను కంటితో అంచనా వేయకండి, కొలవండి. 20 సెంటీమీటర్ల డబ్బా మూత ఒకటి తీసుకుని, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలకు నలుపు, తెలుపు రంగు వేయండి. మధ్యలో తాడు, కింద బరువు. తాడుకు 10 సెంటీమీటర్లకో ముడి. నడి పొద్దున నీడ పక్క నుంచి దించుతూ, మూత కనబడకుండా పోయిన లోతు, తిరిగి పైకి లాగేటప్పుడు కనబడిన లోతు రాసుకోండి. ఆ రెంటి సగటే మీ కొలత. అర మీటరు లోపు ఉంటే ఇంటికి పోయి వేరే పని చూసుకోండి. మీటరు ఉంటే లెన్సుకు పావు మీటరు దూరంలో ఉన్నవి మాత్రమే బాగా వస్తాయి. కనబడే దూరంలో నాలుగో వంతు లోపలే ఫొటో అని గుర్తు పెట్టుకోండి. మహానంది కోనేట్లో అడుగున గుండుసూది పడినా కనిపిస్తుందని మనవాళ్లు చెప్పుకుంటారు. అది ఊట నీరు. తుంగభద్ర ఎర్రమట్టి, నల్లమట్టి రెండూ మోసుకొచ్చే నది. వరద ఒండ్రు దిగిపోయాక, ఎండలకు నాచు ముదరకముందు, అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చూడండి. ఏప్రిల్, మే నెలల మడుగులు నిశ్చలంగా ఉంటాయి గానీ పచ్చగా ఉంటాయి.

ఇక దిగే తీరుతాననుకుంటే: నీటి మీద పుల్ల వేసి 10 మీటర్లు పోవడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. 20 సెకన్లు పట్టిందంటే సెకనుకు అర మీటరు. ఫిన్లు (కాళ్లకు తొడిగే రబ్బరు రెక్కలు) వేసుకున్నా దానికి ఎదురు ఈదుతూ కొన్ని నిమిషాలకు మించి నిలవలేరు. 40 సెకన్లకు తక్కువ పట్టిన రోజు దిగొద్దు. అడుగేసే ముందు కర్రతో తడమండి. మొండికొస కత్తెర నడుముకు ఉండాలి. ఇద్దరుండాలి, ఒకరు మునిగితే రెండోవారు పైన చూస్తూ ఉండాలి. మునిగే ముందు గబగబా ఊపిరి తీసి వదలడం అలవాటుంటే మానుకోండి. అట్లా చేస్తే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గి, ఊపిరి కావాలన్న తహతహ పుట్టకముందే స్పృహ పోతుంది. ఎగువన సుంకేసుల బ్యారేజీ నుంచి నీళ్లు వదులుతున్నారేమో కనుక్కోండి. హంద్రీ కలిసే చోటికి దిగువన ఊరి మురుగు కలుస్తుంది, అక్కడ గడ దించడంతో సరిపెట్టుకోండి. తుంగభద్రలో మొసళ్లున్నాయి. ఏ మడుగులో చూశారో జాలర్లను అడిగితే చెప్తారు. అడగకుండా దిగితే మాత్రం ఎవరూ చెప్పరు.

ప్రశ్న: కేసీ కాలువలో నీళ్లు తేటగా పారుతున్నప్పుడు దిగి తీయొచ్చా? – నందికొట్కూరు

జవాబు: వద్దు. ఒడ్డు ఏటవాలుగా కట్టిన చోట పాచి పడుతుంది, చేతికి పట్టు దొరకదు, ఒకసారి కొట్టుకుపోతే మెట్లున్న చోటు దాకా పోవాల్సిందే. తూములు, తలుపుల దగ్గర నీరు లోపలికి పీలుస్తుంది. ఆ లాగుడు పైన నీటిమట్టం చూస్తే తెలియదు. మెట్ల రేవులో కూర్చుని గడతో తీసుకోండి.

ప్రశ్న: ప్రతి ఫొటోలో మంచు కురిసినట్టు తెల్ల చుక్కలు. కెమెరా నెత్తిన 1,000 ల్యూమెన్ల టార్చి బిగించాను. ఇంకా పెద్ద టార్చి కొనాలా? – ప్రొద్దుటూరు

జవాబు: కొనకండి, ఉన్నదాన్నే పక్కకు జరపండి. పొగమంచులో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ లేస్తుంది కదా, ఇదీ అంతే. టార్చి లెన్సు పక్కనే ఉంటే మధ్యలో తేలే ప్రతి ఒండ్రు రేణువూ ఆ వెలుగును నేరుగా లెన్సులోకి తిరగ్గొడుతుంది. టార్చిని కెమెరాకు 30–40 సెంటీమీటర్లు పక్కకు, కొంచెం వెనక్కి ఉండేలా కడ్డీకి బిగించండి. వెలుగు నడిభాగం చేప మీద పడకూడదు. టార్చిని బయటివైపు కాస్త తిప్పి, వెలుగు అంచు మాత్రమే చేపకు తగిలేట్టు చూడండి. అప్పుడు లెన్సుకూ చేపకూ మధ్యనున్న నీళ్లు చీకట్లో ఉండిపోతాయి. కెమెరాలోనే ఉండే ఫ్లాష్ పూర్తిగా ఆపేయండి. జూమ్ ముట్టుకోవద్దు. జూమ్ చేస్తే చేప పెద్దదవుతుంది గానీ మధ్యలో నీళ్లు తగ్గవు, చుక్కలూ పెద్దవవుతాయి. అసలు ఈ విద్యంతా లెన్సుకూ వస్తువుకూ మధ్య నీళ్లు తగ్గించుకోవడమే.

మధ్యాహ్నం ఎండ బాగా దిగే రెండు మూడు మీటర్ల లోతులో టార్చి లేకుండానే ప్రయత్నించండి. షట్టరు 1/125, ఐఎస్‌ఓ 400 నుంచి 800. రంగు పచ్చగా వస్తుందని ఎర్ర ఫిల్టరు కొంటారు. అది నీలి సముద్రానికి పనికొస్తుంది. మన పచ్చ నీళ్లకు మెజెంటా ఫిల్టరు కావాలి. అదీ టార్చి వెలిగించినప్పుడు తీసేయాలి.

ప్రశ్న: కెమెరాను హౌసింగులో (నీరు చొరని పెట్టెలో) పెట్టి నీళ్లలో దించిన పది నిమిషాలకు అద్దం లోపల ఆవిరి పడుతోంది. చుక్క నీరు కారలేదు. – ఆదోని

జవాబు: కారలేదు సరే, ఆ తడి మీరే లోపల పెట్టి మూశారు. చెమటచేత్తో, ఉక్కగా ఉన్న ఏటిగట్టున మూత వేస్తే లోపలి గాలిలో తేమ ఉంటుంది. ఎండలోనూ, పనిచేసే కెమెరా వేడికీ హౌసింగు లోపల గాలి బాగా వేడెక్కుతుంది. 26 డిగ్రీల నీళ్లలో దించగానే ముందు చల్లబడేది పోర్టు (లెన్సు ముందుండే కిటికీ) అద్దం, తేమంతా దాని మీదే పేరుకుంటుంది.

కెమెరాను ఇంట్లోనే, ఏసీ గదిలో అరగంట ఉంచి, ఆ పొడి గాలిలోనే హౌసింగు మూసేయండి. ఏటిగట్టున తెరవకండి. బ్యాటరీ, కార్డు ముందే నిండుగా పెట్టుకోండి. లోపల రెండు చిన్న సిలికా జెల్ పొట్లాలు లెన్సుకు అడ్డం రాకుండా పెట్టండి. రంగు మారే గుళికలైతే నీలం గులాబీ అయినప్పుడు, లేదా నారింజ ఆకుపచ్చ అయినప్పుడు పని అయిపోయినట్టు. 110–120 డిగ్రీల ఓవెన్లో రెండు గంటలు ఆరబెడితే తిరిగి పనిచేస్తాయి. నీలం గుళికల్లో కోబాల్ట్ ఉంటుంది, వంటకు వాడే పెనం మీద వేయించొద్దు. కారులో డ్యాష్‌బోర్డు మీద పెట్టి తీసుకుపోకండి. తడిగుడ్డ చుట్టి కాళ్ల దగ్గర నీడలో పెట్టండి.

ప్రశ్న: హౌసింగు మూతకుండే ఓ-రింగుకు (రబ్బరు వలయానికి) గ్రీజు ఎంత పూయాలి? కొబ్బరినూనె వాడొచ్చా? – ఎమ్మిగనూరు

జవాబు: కొబ్బరినూనె, వ్యాజిలిన్, బండి గ్రీజు ఏదీ వద్దు. హౌసింగుతోపాటు వచ్చిన గ్రీజే వాడండి. రింగు సిలికాన్‌దైతే వేరే కంపెనీ సిలికాన్ గ్రీజుకు ఉబ్బిపోవచ్చు. బియ్యపు గింజంత చాలు. రెండు వేళ్ల మధ్య రింగును జార్చుతూ పూస్తే రింగు నిగనిగలాడాలి, గ్రీజు కనబడకూడదు. నీళ్లను ఆపేది రింగు నొక్కుడు, గ్రీజు కాదు. గ్రీజు పని రింగు మెలిపడకుండా జారనివ్వడమే. ఎక్కువ పూస్తే మన దుమ్మూ ఏటి ఇసుకా దానికి అంటుకుంటాయి. ఒక్క వెంట్రుక అడ్డం పడినా చాలు, అక్కడినుంచే నీరు దారి చేసుకుంటుంది.

రింగును గుండుసూదితో లేపకండి, గీత పడుతుంది. పాత ఏటీఎం కార్డు మూల వాడండి. గాడిని పీచు రాలని గుడ్డతో తుడవండి. కొత్త హౌసింగులో కెమెరా లేకుండా టిష్యూ కాగితం పెట్టి, బక్కెట్లో 20 నిమిషాలు ముంచి, లోపలే అన్ని బటన్లూ నొక్కి చూడండి. బయటికి తీసి పైన తుడిచాకే తెరవాలి, లేకపోతే మూత అంచున ఉన్న నీరే లోపల పడి కంగారు పెడుతుంది.

ప్రశ్న: హౌసింగులోకి నీరు పోతే వెంటనే ఏం చేయాలి? బియ్యం డబ్బాలో పెట్టమంటున్నారు. – రాజంపేట

జవాబు: బియ్యం అన్నానికి. దాని పిండి దుమ్ము లెన్సులో చేరుతుంది. నీరు కనబడగానే పోర్టును కిందికి వంచి పట్టుకుని పైకి రండి, నీరు పోర్టులో నిలిచి బ్యాటరీ వైపు పోదు. స్విచ్ ఆపి, బ్యాటరీ, కార్డు తీసేయండి. ఆన్ అవుతుందేమో చూద్దామని మాత్రం నొక్కకండి. ఉప్పునీరైతే, కెమెరా ఎటూ తడిసింది గనక మంచినీళ్లలో కడిగి బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకుపోండి. ఉప్పు ఎండితే తుప్పు ఆగదు. తడిసిన లిథియం బ్యాటరీని మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు.

ప్రశ్న: సిద్ధవటం దగ్గర పెన్నలో, పైన కోట గోడ, కింద నీటి అడుగు, రెండూ ఒకే ఫొటోలో రావాలి. నాది మిర్రర్‌లెస్ కెమెరా. బల్లపరుపు పోర్టుతో తీస్తే నీటిగీత లావుగా, కింద సగం దగ్గరికొచ్చినట్టు పడుతోంది. – కడప

జవాబు: దానికి డోమ్ పోర్టు, అంటే అర్ధగోళంలా ఉబ్బిన అద్దం కావాలి. చదునైన అద్దంలోంచి నీళ్లలో చూస్తే వస్తువు మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది. 28 మిల్లీమీటర్ల లెన్సు 37 లాగా చూస్తుంది. పైసగం 28, కిందిసగం 37 అయితే గోడ ఒకచోట, రాళ్లు ఇంకోచోట పడతాయి. గుండ్రటి డోమ్‌లో ఆ తేడా దాదాపు పోతుంది. కనీసం 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్నది తీసుకోండి. చిన్న డోమ్‌కు ప్రతి చిన్న అల కూడా నీటిగీతను పైకీ కిందికీ తోసేస్తుంది.

డోమ్‌తో ఒక చిక్కుంది. అది నీటి అడుగున దూరపు వస్తువు బింబాన్ని కూడా తన ముందర దగ్గరగా ఏర్పరుస్తుంది. అర్ధ వ్యాసం 10 సెంటీమీటర్లయితే అద్దానికి సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో. కాబట్టి మీ లెన్సు అంత దగ్గరికి ఫోకస్ చేయగలగాలి. ఫోకస్ కింద రాళ్ల మీద పెట్టి, అపెర్చరు ఎఫ్ 11 లేదా 16 పెడితే పైన కోట కూడా చాలినంత పదునుగా వస్తుంది. నీటి కింది భాగం ఒకటి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగం) చీకటిగా ఉంటుంది. పొద్దు వీపు వెనక, కాస్త ఎత్తుకు వచ్చాక, తొమ్మిదిన్నర పది గంటలకు తీయండి. అప్పటికి గాలి లేవకుండా ఉంటే అదృష్టం. డోమ్ పైభాగం మీద చుక్కలు నిలిస్తే ఫొటో చెడుతుంది. పూర్తిగా ముంచి, లేపి, నీటి పొర జారుతున్న ఆ రెండు సెకన్లలో నొక్కాలి. మోకాలి లోతు చాలు. ఇంతకంటే లోతు అవసరం లేని ఫొటో ఇది.

ప్రశ్న: మా తోటలో దిగుడు బావి ఉంది, నీళ్లు అద్దంలా ఉంటాయి. అందులో సాధన చేయొచ్చా? – తాడిపత్రి

జవాబు: నది కంటే ఎన్నో రెట్లు మేలు. మెట్లున్నాయి, ప్రవాహం లేదు. కానీ దిగే ముందు మోటారు స్టార్టర్ డబ్బాలో ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. స్విచ్ ఆపితే చాలదు, కరెంటు రాగానే నడిచే ఆటో స్టార్టర్లు మన తోటల్లో మామూలే. అతుకు వేసిన కేబులు నీళ్లకు తగిలి ఉంటే బావిలో మనిషి బతకడు. రాత్రంతా మోటారు ఆపి ఉంచితే పొద్దున్నే ఒండ్రు దిగి నీరు తేటగా ఉంటుంది. పదకొండు గంటల తర్వాత ఎండ నిలువుగా దిగినప్పుడు మెట్ల మీద వెలుగు చారలు పడతాయి, వాటిని వదలకండి. ఒక మెట్టు మీద చిన్న గులకరాయి పెట్టి, అరచేయి దూరం నుంచి పదునుగా తీయడం వచ్చేదాకా చేపల జోలికి పోకండి.

ప్రశ్న: నీటమునిగిన సంగమేశ్వరాలయాన్ని లోపలినుంచి తీయొచ్చా? – ఆత్మకూరు

జవాబు: గుడి మునిగి ఉన్న నెలల్లో శ్రీశైలం వెనుక జలాలు కృష్ణా, తుంగభద్రల వరదనీరు. చెయ్యి చాచితే వేళ్లు కనబడవు. పైకప్పు కింద దారి తప్పే ప్రమాదం, వలలు, మొసళ్లు వేరే. వేసవిలో గుడి బయటపడ్డాక గట్టు మీద నుంచి తీసుకోండి.

ప్రశ్న: వచ్చే నెల ఫ్లోరిడాలో తమ్ముడింటికి పోతున్నాను. అక్కడ వంతెన కిందే ఒడ్డు నుంచి దిగి డైవింగ్ చేస్తారట. హైదరాబాదు ఈతకొలనులోనూ, తర్వాత సముద్రంలోనూ డైవింగులో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు చేశాను. ఏం తెలుసుకుని పోవాలి? – ధర్మవరం

జవాబు: మీరు చెప్పేది రివియెరా బీచ్‌లో ఫిల్ ఫోస్టర్ పార్కు దగ్గరి బ్లూ హెరాన్ వంతెన అయ్యుండాలి. లోతు ఆరు మీటర్లకు అటూ ఇటూ. అయినా అక్కడ లోతు కంటే గడియారం ముఖ్యం. పోటు వచ్చేటప్పుడు సముద్రపు తేట నీరు ముఖద్వారం గుండా లోపలికి వస్తుంది. ఆటుకు ఉప్పుకయ్యలోని మురికి నీరు బయటికి పోతుంది. ఆటుకూ పోటుకూ నడిమధ్యలో ప్రవాహం ఈదలేనంత వడిగా ఉంటుంది. అందుకని పోటు నిండే వేళకు గంట ముందు దిగి, నీరు తిరిగిన అరగంటలోపు ఒడ్డెక్కుతారు. ఆటుపోట్ల పట్టికలో బయటి సముద్రం వేళ కాకుండా ఆ వంతెన వేళే చూడండి, రెంటికీ తేడా ఉంటుంది.

ఎర్ర గుడ్డ మీద తెల్ల ఏటవాలు పట్టీ ఉన్న జెండాను తేలే బోయాకు కట్టి వెంట లాక్కుపోవాలి. ఫ్లోరిడా చట్టం ప్రకారం అది కనీసం 12 అంగుళాల చదరం ఉండాలి, పడవ దారుల్లో మీరు దానికి 100 అడుగుల లోపల ఉండాలి. పడవలు పోయే కాలువలోకి పోకండి. గాలపు దారాలు అక్కడా అంతే, కత్తెర మరవద్దు.

మునగడానికి కొలనులో కట్టుకున్నంత సీసం బరువు అక్కడ చాలదు. ఉప్పునీరు రెండున్నర శాతం బరువెక్కువ. మీరూ సామానూ కలిసి 90 కిలోలయితే రెండు కిలోల పైచిలుకు కలపాలి. సిలిండరులో 50 బార్ మిగిలినప్పుడు, మామూలు ఊపిరితో కదలకుండా నిలబడితే నీరు కళ్ల మట్టానికి రావాలి. నిండు సిలిండరుతో చూస్తే లెక్క తప్పుతుంది. అక్కడ వాడే అల్యూమినియం సిలిండరు ఖాళీ అయ్యేకొద్దీ రెండు కిలోలకు పైగా తేలికై చివర్లో మిమ్మల్ని పైకి లేపుతుంది. సముద్రపు గుర్రాలు, కప్పచేపలు, ఆక్టోపస్‌లు స్తంభాల మొదట్లో చెత్తలోనే దాక్కుంటాయి. ఈది వెతికితే దొరకవు. ఒక స్తంభం దగ్గర ఇరవై నిమిషాలు ఉండండి, ఫిన్లు ఇసుకకు తగలనీయకండి. నీరు తేటగా ఉన్నా నాలుగో వంతు సూత్రం అక్కడా పనిచేస్తుంది. ఓఎం సిస్టమ్ టీజీ-7 లాంటి చిన్న కెమెరా మైక్రోస్కోప్ మోడ్‌లో లెన్సుకు 1 సెంటీమీటరు దాకా ఫోకస్ అవుతుంది. హౌసింగు లేకుండా దానికి 15 మీటర్లు హద్దు, ఈ వంతెనకు అది చాలు.

ప్రశ్న: పుదుచ్చేరిలో రెండు రోజులు డైవింగ్ చేసి, కారులో వేలూరు, చిత్తూరు, మదనపల్లె మీదుగా అనంతపురం వస్తాం. దారిలో హార్స్‌లీ హిల్స్ కూడా చూడాలనుంది. విమానం కాదు కదా, ఆగాల్సిన పని లేదనుకుంటా? – అనంతపురం

జవాబు: ఒంటికి విమానమైనా ఘాట్ రోడ్డైనా ఒకటే. ఎత్తుకు పోతే గాలి ఒత్తిడి తగ్గి, రక్తంలో కరిగున్న నత్రజని బుడగలవుతుంది. డైవింగ్ తర్వాత 600 నుంచి 2,400 మీటర్ల ఎత్తుకు పోవాలంటే, ఒక్క డైవ్ చేస్తే 12 గంటలు, రెండు రోజులు వరసగా చేస్తే 18 గంటలు ఆగాలని డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెబుతుంది. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, హార్స్‌లీ హిల్స్ సుమారు 1,265 మీటర్లు. రెండో రోజు పగలు రెండింటికి ఒడ్డెక్కితే, మరుసటి పొద్దున ఎనిమిది దాకా ఘాట్ ఎక్కకూడదు. ఆ రాత్రి పుదుచ్చేరిలోనో చిత్తూరులోనో పడుకోండి. కీళ్ల నొప్పి, తిమ్మిరి, ఎప్పుడూ లేనంత నీరసం కనబడితే అలసటని సర్దుకోకుండా కొండ దిగి, డైవింగ్ సంగతి ముందే చెప్పి డాక్టరుకు చూపించుకోండి.

అన్నట్టు అనంతపురం 335 మీటర్ల ఎత్తున ఉంది. ఎంత లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే, సముద్రమట్టానికి వేసిన డైవ్ పట్టికలు 300 మీటర్ల దాకానే నేరుగా పనికొస్తాయి. మీ వైపు క్వారీ గుంతల్లో ఎప్పుడైనా సిలిండరుతో దిగాల్సి వస్తే డైవ్ కంప్యూటరులో ఎత్తు సెట్టింగు మార్చుకోండి. కర్నూలు, కడప ఊళ్లలో ఆ అవసరం లేదు.